ఏఎస్/400 సోర్స్‌ను గిట్‌లో పెట్టాక అసలేది, నకలేది?

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఏఎస్/400 (ఐబీఎం వ్యాపార కంప్యూటరు; ఇప్పుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్ పేరుతో ఐబీఎం ఐ అంటున్నారు) మీద పనిచేసే టీములకు క్లయింటు నుంచి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మాట: సోర్స్ (ప్రోగ్రాముల కోడ్) మొత్తం గిట్‌లోకి మార్చండి. వినడానికి చిన్న పనే. కోడ్‌లో ప్రతి మార్పునూ చరిత్రగా దాచే గిట్ ఉచితం. ఐబీఎం ఐ మీద 2018 నుంచి యమ్ అనే ఇన్‌స్టాలర్ ద్వారా నేరుగా ఇన్‌స్టాల్ అవుతోంది. కాలేజీ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి కూడా కమిట్ (మార్పును చరిత్రలో నమోదు చేయడం), పుష్, పుల్ వచ్చు. తీరా ఏడాది గడిచాక చూస్తే చాలా చోట్ల రిపాజిటరీ (గిట్‌లో కోడ్ ఉండే చోటు) దారి రిపాజిటరీది, పని దారి పనిది. మెంబర్‌లో (మెషీన్ మీద ఒక ప్రోగ్రాము సోర్స్ ఉండే చోటు) మార్పు చేస్తారు, కంపైల్ చేస్తారు (నడిచే రూపంలోకి మారుస్తారు), ప్రొడక్షన్‌కు (క్లయింటు వ్యాపారం నడిచే సిస్టమ్) పంపుతారు. తీరిక దొరికినప్పుడు ఎవరో ఒకరు ఆ మెంబర్లను గిట్‌లోకి కాపీ చేస్తారు. అలాంటి చోట గిట్ ఇంకో బ్యాకప్, అంతే. టేపు మీదికో సేవ్ ఫైల్లోకో వెళ్లే బ్యాకప్ ఎలాగూ ఉంది కాబట్టి కొత్తగా ఒరిగేదేమీ లేదు.

ఇందులో తప్పు గిట్‌ది కాదు, మెషీన్‌దీ కాదు. ప్రొడక్షన్‌లో నడుస్తున్న ప్రోగ్రాముకు అసలు సోర్స్ ఏది అన్నది ఎవరూ తేల్చకపోవడమే చిక్కు. లైబ్రరీలో (మెషీన్ మీద ఫోల్డర్ లాంటిది) ఉన్న మెంబరా, రిపాజిటరీలో ఉన్న ఫైలా? రెండూ అసలే అంటే రెండూ నకళ్లే అని అర్థం.

లైనుకో తేదీ

ఐబీఎం ఈ మెషీన్‌ను 1988 జూన్ 21న ప్రకటించింది. మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో సిస్టమ్/36, సిస్టమ్/38లకు వారసురాలిగా తయారైంది. డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసి ఉండటం దీని ప్రత్యేకత. అందుకే సోర్స్ కోడ్ కూడా డేటాబేస్ ఫైల్లోనే ఉంటుంది. దాన్ని సోర్స్ ఫిజికల్ ఫైల్ అంటారు. అందులో ప్రోగ్రాముకో మెంబర్. మెంబర్‌లో ఒక్కో లైనూ ఒక్కో రికార్డు. రికార్డులో మూడు ఫీల్డులు: ఆరంకెల సీక్వెన్స్ నంబర్, ఆరంకెల తేదీ, ఆ తర్వాత కోడ్. రికార్డు పొడవు డిఫాల్ట్‌గా 92. మొదటి రెండు ఫీల్డులకు 12 పోగా కోడ్‌కు మిగిలేది 80. ఆర్‌పీజీ ఫోర్ అనే ప్రోగ్రామింగ్ భాషకైతే 112 పెట్టుకుని, కోడ్‌కు 100 వాడుకుంటారు. మెంబర్ పేరుకు పది అక్షరాలు, పక్కన వివరణకు యాభై.

ఆ తేదీ ఫీల్డు విషయం కాస్త ఆగి చూడాలి. ఏ లైను చివరిసారి ఎప్పుడు మారిందో అది చెబుతుంది. 1988లో అది చిన్న సౌకర్యం కాదు. ఎస్‌ఈయూ అనే పాత ఎడిటర్‌లో మెంబర్ తెరిచి కుడివైపు తేదీలు చూసుకుంటూ పోతే, నిన్నటి గొడవకు కారణమైన నాలుగు లైన్లు ఇట్టే దొరుకుతాయి. పాతతరం ప్రోగ్రామర్లు గిట్ అనగానే మొదట అడిగేది కూడా ఇదే: మెంబర్‌ను మామూలు ఫైలుగా మారిస్తే ఆ తేదీలు ఏమవుతాయి? పోతాయి. కాపీ చేసే కమాండ్ కోడ్ భాగాన్ని మాత్రమే తీసుకెళ్తుంది, సీక్వెన్స్ నంబరూ తేదీ వెనకే ఉండిపోతాయి. వాళ్ల బాధలో న్యాయం ఉంది. కాకపోతే ఆ తేదీ చెప్పలేనివీ ఉన్నాయి. ఎవరు మార్చారో చెప్పదు. అంతకుముందు ఏముందో చెప్పదు. డిలీట్ చేసిన లైను గురించి అసలేమీ చెప్పదు, ఎందుకంటే తేదీ వేయడానికి ఆ లైనే లేదు. పైగా వై2కే (2000 సంవత్సరపు తేదీల సమస్య) పేరుతో ప్రపంచమంతా తేదీల్ని నాలుగంకెల సంవత్సరానికి మార్చినా, ఆ మార్పులన్నీ రాసిన ఈ ఫీల్డులో మాత్రం సంవత్సరం ఇప్పటికీ రెండంకెలే.

తేదీ చెప్పలేని వాటిని చెప్పుకోవడానికి ప్రోగ్రామర్లు సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆర్‌పీజీలో లైను మొదటి ఐదు స్థానాలను కంపైలర్ పట్టించుకోదు. అక్కడ మార్పు గుర్తు వేస్తారు: ఇనిషియల్స్, ఒక నంబర్. ప్రోగ్రాము తలమీద కామెంట్ల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఆ గుర్తు, తేదీ, టికెట్ నంబర్, ఏం మార్చారో ఒక వాక్యం. పాత లైనును తీసేయరు. ఏడో స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి కామెంట్‌గా మార్చి, కింద కొత్త లైను రాస్తారు. ఇలా ఇరవై ఏళ్లు సాగాక ఇన్‌వాయిస్ ప్రోగ్రాము తెరిస్తే డిస్కౌంట్ లెక్క ఒక్కటే నాలుగుసార్లు కనిపిస్తుంది. మూడు నక్షత్రాలతో చచ్చి పడి ఉంటాయి, నాలుగోది బతికి ఉంటుంది. వాటి మధ్యలో ఎప్పుడో కంపెనీ మారిపోయినవాళ్ల ఇనిషియల్స్. కొత్తగా చేరినవాళ్లు ఏది నడుస్తుందో ఏది నడవదో తెలుసుకోవడానికే సగం రోజు పోగొట్టుకుంటారు.

దీన్ని చూసి నవ్వడం తేలిక. కానీ చరిత్రను దాచుకునే చోటు ఇంకెక్కడా లేనప్పుడు ప్రోగ్రాములోనే దాచుకున్నారు, అంతకన్నా వాళ్లు చేయగలిగింది లేదు. గిట్ ఆ చోటు ఇస్తుంది. ప్రతి కమిట్‌లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఉంటాయి. లైనుకు లైను బ్లేమ్ (ఆ లైనును చివరిసారి ఎవరు మార్చారో) చూసుకోవచ్చు, డిలీట్ అయిన లైనును కూడా వెనక్కి వెళ్లి చదవచ్చు. 2015లో వచ్చిన పూర్తి ఫ్రీ ఫార్మాట్ ఆర్‌పీజీలో ఎలాగూ ఆ మొదటి ఐదు స్థానాల ప్రత్యేకత లేదు. కోడ్ మొదటి కాలమ్ నుంచే మొదలవుతుంది. అయినా గిట్ వచ్చాక కూడా కొన్ని టీములు మార్పు గుర్తుల్ని తప్పనిసరి చేస్తూనే ఉంటాయి. అలా చేస్తున్నారంటే రిపాజిటరీ మీద వాళ్లకు ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట. ఎందుకు కుదరలేదో అడిగితే జవాబు చాలాసార్లు సబబుగానే ఉంటుంది: ప్రొడక్షన్‌లో ఉన్నది రిపాజిటరీలో ఉన్నదేనని ఎవరూ పూచీ ఇవ్వడం లేదు.

నా లైబ్రరీలో ఉంది చూడు

"అన్నా, ఈ ప్రోగ్రాము లేటెస్ట్ ఎక్కడుంది?"

"నా లైబ్రరీలో ఉంది, చూడు."

ఈ సంభాషణ జరగని ఏఎస్/400 టీము ఉండదు. ఎస్‌ఈయూలో ఒకరు మెంబర్‌ను ఎడిట్‌కు తెరిస్తే ఇంకొకరికి తాళం పడుతుంది. ఇద్దరూ ఒకేసారి పాడు చేయకుండా అది కాపాడుతుంది, నిజమే. కానీ మార్పు మూడు వారాల పనైతే మెంబర్‌ను మూడు వారాలు తెరిచి కూర్చోలేరు. సొంత లైబ్రరీలోకి కాపీ చేసుకుంటారు. ఇంకొకరు ఇంకో టికెట్ కోసం అదే మెంబర్‌ను తన లైబ్రరీలోకి కాపీ చేసుకుంటారు. ఇద్దరూ టెస్ట్ చేస్తారు, ఇద్దరివీ పాసవుతాయి. శుక్రవారం మొదటివారిది ప్రొడక్షన్‌కు వెళ్తుంది. సోమవారం రెండోవారిది వెళ్లి, మొదటివారి మార్పును చెరిపేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. ప్రోగ్రాము శుభ్రంగా కంపైల్ అవుతుంది, శుభ్రంగా నడుస్తుంది. శుక్రవారం సరిచేసిన తప్పు మంగళవారం మళ్లీ కనిపించినప్పుడే విషయం బయటపడుతుంది.

ఈ ఒక్క జబ్బుకైనా గిట్ మందే. రెండు బ్రాంచ్‌లు (పక్కపక్కన సాగే విడి మార్పుల దారులు) ఒకే చోట ఒకే లైన్లను తాకితే మెర్జ్ (వాటిని కలిపే పని) దగ్గర ఆగుతుంది, మనిషి చూసి తేల్చాలి. వేర్వేరు చోట్ల తాకితే రెండూ కలిసిపోతాయి. వెనకటి నుంచీ ఈ మెషీన్ మీద ఉన్న చేంజ్ మేనేజ్‌మెంట్ టూళ్లు, ఇంప్లిమెంటర్, టర్నోవర్, ఆల్డన్ వంటివి, దీన్ని చెకౌట్ పద్ధతిలో ఆపాయి. ఒకరు తీసుకున్న మెంబర్‌ను ఇంకొకరు తీసుకోబోతే హెచ్చరిస్తాయి. అవి ఉన్న చోట గిట్ ఎందుకన్న ప్రశ్న మూర్ఖమైనది కాదు. నిజానికి గిట్‌కు తెలియని ఒక ముఖ్యమైన సంగతి వాటికి తెలుసు: ఆబ్జెక్ట్, అంటే కంపైల్ అయిన ప్రోగ్రాము, డేటా ఫైలు లాంటివి.

గిట్‌కు ఆబ్జెక్ట్ తెలియదు

2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం గిట్‌ను రాసినప్పుడు ఆయన ముందున్నవి ఫైళ్లూ ఫోల్డర్లే. సోర్స్ మారితే మళ్లీ బిల్డ్ చేస్తారు, పాత బైనరీని పారేస్తారు. ఐబీఎం ఐలో అలా పారేసే వీలు అన్నిటికీ లేదు. ప్రోగ్రామును పారేసి మళ్లీ కంపైల్ చేయొచ్చు. కస్టమర్ ఫైలును పారేసి మళ్లీ క్రియేట్ చేస్తే అందులోని కస్టమర్లు పోతారు. ఫిజికల్ ఫైల్ నిర్వచనమూ అందులోని డేటా ఒకే ఆబ్జెక్ట్. కాబట్టి ఒక ఫీల్డు చేర్చాలంటే డేటాను నిలబెట్టి ఆకారాన్ని మార్చాలి. అందుకు ఫైల్ మార్చే కమాండ్ ఉంది, ఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్ ఉంది. ఏది వాడాలో, ఏ వరుసలో వాడాలో గిట్ చెప్పదు.

అక్కడితో అయిపోదు. ఆర్‌పీజీ ప్రోగ్రామును కంపైల్ చేసినప్పుడు, అది వాడే ఫైలు రికార్డు ఫార్మాట్ గుర్తు ప్రోగ్రాములోకి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత ఫైలు మారి ప్రోగ్రాము మారకపోతే, తెరవబోయిన క్షణంలో లెవెల్ చెక్ ఎర్రర్‌తో పడిపోతుంది. ఒక్క ఫీల్డు చేర్చినందుకు ఆ ఫైలును నేరుగా వాడే ప్రోగ్రాములన్నిటినీ మళ్లీ కంపైల్ చేయాలి. గిట్ డిఫ్‌లో (పాతదానికీ కొత్తదానికీ తేడా చూపేది) మాత్రం కనిపించేది ఒక్క లైను. రివ్యూ చేసేవారు ఆ ఒక్క లైనే చూసి సరే అంటారు. దాని వెనక రెండు వందల కంపైల్‌లు ఉన్నాయని డిఫ్ ఎక్కడా చెప్పదు. అనేక ప్రోగ్రాములు పంచుకునే సర్వీస్ ప్రోగ్రాముల సిగ్నేచర్లదీ (గుర్తింపు ముద్రలు) ఇంచుమించు ఇదే కథ.

బ్రాంచ్ దగ్గర ఇంకో పేచీ వస్తుంది. జావా మీద పనిచేసేవాళ్లు బ్రాంచ్ మారిస్తే ఫోల్డర్‌లోని ఫైళ్లు మారతాయి, మళ్లీ బిల్డ్ కొడితే లోకమంతా ఆ బ్రాంచ్‌దే. ఇక్కడ బ్రాంచ్ మారిస్తే సోర్స్ ఫైళ్లు మారతాయి గానీ లైబ్రరీలో ఉన్న ఆబ్జెక్ట్‌లు పాత బ్రాంచ్‌వే. లైబ్రరీ లిస్టులో (ప్రోగ్రామును వెతికే లైబ్రరీల వరుస) పైన ఉన్నదే కాల్ అవుతుంది. అంటే కళ్ల ముందున్న కోడ్ ఒకటి, నడుస్తున్న కోడ్ ఇంకొకటి. డీబగ్గర్‌లో లైన్లు అటూ ఇటూ దూకుతుంటే గంటసేపు జుట్టు పీక్కున్నాక గానీ కారణం తట్టదు. దీనికి తేలిక దారి ఒకటే: మనిషికో లైబ్రరీ, వీలైతే బ్రాంచ్‌కో లైబ్రరీ, దాని కింద అందరికీ ఉమ్మడి టెస్ట్ లైబ్రరీ. డిస్క్ ఖర్చు పెరుగుతుందన్న వాదన వస్తుంది. ప్రోగ్రాము ఆబ్జెక్ట్‌లకు పట్టే చోటు చాలా తక్కువ. చోటు తినేది డేటా, దాన్ని ప్రతి బ్రాంచ్‌కూ కాపీ చేయనక్కర్లేదు.

కాబట్టి గిట్ పక్కన బిల్డ్ టూలు లేకుండా ఈ ప్రయత్నం సగమే. ఏ ఫైలు మీద ఏ ప్రోగ్రాము ఆధారపడిందో రాసి పెట్టుకుని, మారిన వాటినీ వాటి మీద ఆధారపడిన వాటినీ మాత్రమే మళ్లీ కంపైల్ చేసేది కావాలి. మేక్ అనే బిల్డ్ టూలు ఆధారంగా నడిచే బాబ్ అనే ఓపెన్ సోర్స్ టూలు ఈ పని కోసమే వచ్చింది. ఇప్పుడు దాన్ని టోబీ అంటున్నారు. డబ్బు పెట్టగలిగినవాళ్లకు ఆర్‌క్యాడ్ లాంటి కంపెనీల టూళ్లు గిట్‌కు ఆబ్జెక్ట్ తెలివిని జోడిస్తాయి. పాత చేంజ్ మేనేజ్‌మెంట్ టూలును ఉంచుకుని, సోర్స్ చరిత్రను గిట్‌కు, ప్రొడక్షన్‌కు పంపే పనిని పాత టూలుకు అప్పగించే ఏర్పాటు కూడా చెడ్డది కాదు. వేల ప్రోగ్రాములున్న పెద్ద షాపుకు ఇదే నయం కూడా. చెడ్డదల్లా ఒకటే: రెండిట్లోనూ ఎడిట్ చేయనివ్వడం.

తరలించేటప్పుడు తగిలే రాళ్లు

మెంబర్‌ను ఐఎఫ్‌ఎస్‌లోని (ఈ మెషీన్ మీది ఫోల్డర్ల వ్యవస్థ) మామూలు ఫైలుగా మార్చడం పైకి కాపీ కొట్టడమే. లోపల ఈబీసీడీఐసీ (ఐబీఎం అక్షర సంకేతాలు) నుంచి యూటీఎఫ్-8కి (నేడు అంతటా వాడే అక్షర సంకేతాలు) అనువాదం జరుగుతుంది. ఆ మెషీన్ సిస్టమ్ సీసీఎస్‌ఐడీ (ఏ అక్షర సంకేతమో చెప్పే నంబరు) 65535గా, అంటే ఏ మార్పిడీ చేయవద్దన్నట్టు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేసి ఉంటే అక్కడే మొదటి దెబ్బ. లైను చివర గుర్తు కూడా చూసుకోవాలి. కాపీ కమాండ్ డిఫాల్ట్‌గా విండోస్ తరహా రెండక్షరాల ముగింపు వేస్తుంది. దాన్ని ఒక్క లైన్ ఫీడ్‌గా చెప్పకపోతే తర్వాత ఎవరో వీఎస్ కోడ్ ఎడిటర్‌లో సేవ్ చేసిన రోజు ఫైలంతా మారినట్టు డిఫ్ చూపిస్తుంది.

అన్నిటికన్నా వింతైనది రంగుల సంగతి. ఆకుపచ్చ తెర మీద ముఖ్యమైన కామెంట్లు ఎర్రగానో తెల్లగానో కనబడాలని కొందరు లైనులో కంటికి కనిపించని డిస్‌ప్లే అట్రిబ్యూట్లు చొప్పించేవారు. 22 హెక్స్ (పదహారు ఆధారంగా రాసిన బైటు విలువ) పెడితే తెలుపు, 28 పెడితే ఎరుపు. తెర మీద చూడముచ్చటగా ఉండేది. అవే బైట్లు యూటీఎఫ్-8లోకి వచ్చేసరికి చెత్త కంట్రోల్ అక్షరాలవుతాయి. గీతతో తిరగేసిన ఆకుపచ్చ కోసం 25 హెక్స్ పెట్టి ఉంటే మరీ ముచ్చట, ఎందుకంటే ఈబీసీడీఐసీలో అది లైన్ ఫీడ్. ఒక కామెంట్ లైను రెండుగా విరిగి, రెండో ముక్క కోడ్‌గా కంపైలర్ ముందు నిలబడుతుంది. తరలింపుకు ముందే 40 హెక్స్‌కు తక్కువైన బైట్ల కోసం సోర్స్ అంతా వెతికి, వాటి చోట ఖాళీలు పెట్టించడం ఒక పూట పని. ముందు చేయకపోతే వారం పని.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ఈ మెషీన్‌లో డాలర్, హ్యాష్, ఎట్ గుర్తులతో ఆబ్జెక్ట్ పేర్లు మామూలు. మేక్‌కూ షెల్‌కూ డాలర్, హ్యాష్ గుర్తులకు వేరే అర్థాలున్నాయి. ఆర్‌పీజీ, సీఎల్ (ఈ మెషీన్ కమాండ్ భాష) కంపైలర్లు ఇప్పుడు ఐఎఫ్‌ఎస్ ఫైలును నేరుగా చదువుతాయి. స్క్రీన్లకూ పాత తరహా ఫైళ్లకూ వాడే డీడీఎస్ విషయంలో మాత్రం బిల్డ్ టూళ్లు తాత్కాలికంగా ఒక మెంబర్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి కంపైల్ చేయించే పద్ధతి మీదే ఆధారపడుతూ వచ్చాయి. అది తాత్కాలిక మెంబరేనని, దాన్ని ఎడిట్ చేస్తే పని గాలికి పోతుందని టీములో అందరికీ తెలిసి ఉండాలి.

ఇక పాస్‌వర్డులు. ఎఫ్‌టీపీ ద్వారా ఫైళ్లు పంపే జాబుల స్క్రిప్టులు సోర్స్ మెంబర్లలోనే ఉంటాయి. వాటిలో యూజర్ పేరూ పాస్‌వర్డూ పచ్చిగా రాసి ఉండటం ఎంత పాత అలవాటో చెప్పనక్కర్లేదు. మెంబర్‌గా ఉన్నంతకాలం దానికి లైబ్రరీ అథారిటీ అడ్డుగా ఉండేది. రిపాజిటరీలోకి వెళ్లిందంటే క్లోన్ (పూర్తి నకలు) చేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మొదటి కమిట్‌కు ముందే అలాంటి మెంబర్లను ఏరి, ఆ పాస్‌వర్డులు మార్పించాలి. క్లయింటు సెక్యూరిటీ వాళ్లు ఆఫ్‌షోర్ ల్యాప్‌టాప్‌ల మీద సోర్స్ వద్దనడం హైదరాబాద్ టీములకు కొత్త కాదు. అలాంటప్పుడు రిపాజిటరీని ఐబీఎం ఐ మీదే, ఒక్కొక్కరి హోమ్ డైరెక్టరీలో క్లోన్ చేసుకుని, వీఎస్ కోడ్‌కు ఉచితంగా దొరికే కోడ్ ఫర్ ఐబీఎం ఐ ఎక్స్‌టెన్షన్‌తో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా కలిపే కనెక్షన్) ద్వారా ఎడిట్ చేయొచ్చు. పనిలో దిగాక ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు తెరిపించడానికి పట్టే ఈమెయిళ్ల సంఖ్య చూసి నీరుగారిపోకుండా, ఆ అభ్యర్థన అన్నిటికన్నా ముందు పంపడం మంచిది.

మొదటి కమిట్ గురించి ఒక చిన్న సలహా. ముప్పై ఏళ్ల కోడ్ ఒక్క రోజు ఒక్క పేరు మీద చేరుతుంది. ఆ పేరు ఎవరో జూనియర్‌ది అయితే, ఆ తర్వాత ఎవరు బ్లేమ్ చూసినా పాపం అతని పేరే. ‘తరలింపు’ లాంటి ఉమ్మడి పేరుతో చేస్తే సరిపోతుంది. ఫిక్స్‌డ్ ఫార్మాట్‌ను ఫ్రీ ఫార్మాట్‌కు మార్చడం కూడా విడి కమిట్‌గానే ఉండాలి. గిట్‌కు అలాంటి కమిట్‌లను బ్లేమ్‌లో పట్టించుకోవద్దని చెప్పే వీలుంది. లాజిక్ మార్పునూ ఫార్మాట్ మార్పునూ ఒకే కమిట్‌లో కలిపేస్తే ఆ సౌకర్యం పనికిరాదు.

రాత్రి వచ్చే ఫోను

ఎంత పకడ్బందీగా పెట్టుకున్నా రిపాజిటరీకి అసలు పరీక్ష ప్రొడక్షన్ ఇష్యూ. న్యూయార్క్‌లో ఉదయం పది గంటలంటే వేసవిలో ఇక్కడ రాత్రి ఏడున్నర. క్లయింటు గోదాములో లారీలు ఆగిపోయి ఉంటాయి, ఇన్‌వాయిస్ జాబు డెసిమల్ డేటా ఎర్రర్‌తో మెసేజ్ వెయిట్‌లో (మనిషి జవాబు కోసం ఆగి) ఉంటుంది. బ్రిడ్జ్ కాల్‌లో ఇరవై మంది, అందరిదీ ఒకే ప్రశ్న: ఎంతసేపు? ఆ టెన్షన్‌లో బ్రాంచ్ తీసి, కమిట్ చేసి, రివ్యూ అడిగి, బిల్డ్ నడిపించమంటే ఎవరు వింటారు? ప్రొడక్షన్ సోర్స్ లైబ్రరీలో నేరుగా రెండు లైన్లు మార్చి, కంపైల్ చేసి, జాబును మళ్లీ వదులుతారు. లారీలు కదులుతాయి. శభాష్ అని మెయిల్ వస్తుంది. ఆ రెండు లైన్లు రిపాజిటరీకి మాత్రం రావు. మూడు వారాల తర్వాతి రిలీజ్ రిపాజిటరీ నుంచి బిల్డ్ అయి, ఆ రెండు లైన్లను చెరిపేస్తుంది. పాత పద్ధతిలో శుక్రవారం-సోమవారం జరిగిన ప్రమాదమే ఇది, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. ఇలా ఒకసారి జరిగితే చాలు, "గిట్ వల్లే పోయింది" అన్న మాట ఏళ్లపాటు నిలుస్తుంది.

క్రమశిక్షణ పేరుతో నీతులు చెప్పడం దీనికి పనికిరాదు. అత్యవసర దారిని మామూలు దారికన్నా పొడవుగా పెడితే జనం గోడ దూకుతారు. ప్రొడక్షన్‌లో ఉన్నదానికి సరిగ్గా సరిపోయే బ్రాంచ్ లేదా ట్యాగ్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, ఒక్క ప్రోగ్రామును మాత్రమే బిల్డ్ చేసి పంపే చిన్న స్క్రిప్టు ఉండాలి, రివ్యూ తర్వాతైనా చేసుకోవచ్చన్న అనుమతి ఉండాలి. అప్పుడు రిపాజిటరీ దారిన వెళ్లడానికి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఆ తర్వాత ప్రొడక్షన్ సోర్స్ లైబ్రరీలో మార్పు చేసే అథారిటీని ప్రోగ్రామర్ల ప్రొఫైళ్ల నుంచి తీసేయొచ్చు, చదివే వీలు మాత్రం ఉంచొచ్చు. దారి చిన్నది కాకముందే తాళం వేస్తే మాత్రం మొదటి పెద్ద ఇష్యూ రోజే తాళం మళ్లీ తీయాల్సి వస్తుంది.

కేటీ ఇచ్చే మనిషి వెళ్లిపోయాక

హైదరాబాద్‌కు ఈ మార్పు వల్ల కలిగే లాభం, అమెరికాలోని చిన్న షాపుకు కలిగే లాభం ఒకటే కాదు. అక్కడ ఒకే ప్రోగ్రామర్ పాతికేళ్లు అదే కంపెనీలో ఉండొచ్చు. చరిత్ర అంతా ఆ మనిషి బుర్రలో ఉంటుంది, ఫోను చేస్తే చెబుతారు. ఇక్కడ ఒక అకౌంట్‌లో నాలుగేళ్లు నిలిచినవాళ్లు సీనియర్లు. నోటీస్ పీరియడ్‌లో ఉన్న మనిషి చివరి వారాల్లో ఇచ్చే కేటీ (పని అప్పగిస్తూ చెప్పే పాఠాలు), రికార్డు చేసి షేర్డ్ డ్రైవ్‌లో పడేసిన మీటింగులు, ఒక ఎక్సెల్ షీటు. ఆ ప్రోగ్రాములో ఆ షరతు ఎందుకుందన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. అడగాల్సిన మనిషి వేరే కంపెనీలో, బహుశా ఎదురు బిల్డింగ్‌లోనే, ఉంటారు. టికెట్ నంబర్‌తో కాస్త కారణం కూడా రాసిన కమిట్ మెసేజ్ ఉంటే ఆ జవాబు కోడ్ పక్కనే ఉంటుంది. ‘బగ్ ఫిక్స్’ అని మాత్రమే రాస్తే గిట్ ఉన్నా లేకపోయినా ఒకటే.

సమయం తేడా కూడా ఇక్కడ కలిసొస్తుంది. ఇక్కడివాళ్లు సాయంత్రం రివ్యూకు పెడితే ఆన్‌సైట్ వాళ్లు తమ పగటిపూట చూస్తారు, మర్నాడు పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి కామెంట్లు ఉంటాయి. ఇంతకుముందు ఆ రివ్యూ ఎలా జరిగేదంటే, రెండు మెంబర్ల కంపేర్ లిస్టింగును స్పూల్ ఫైలుగా (ప్రింటుకు వెళ్లే రూపం) తీసి మెయిల్‌కు తగిలించడమే. చాలాచోట్ల అదీ లేదు.

తరాల మధ్య తేడా ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో ఏఎస్/400 నేర్చుకున్నవాళ్లకు పీడీఎం (మెంబర్ల జాబితా చూపే మెనూ) తెర చేతివేళ్లలో ఉంటుంది. ఆప్షన్ 2 ఎడిట్, 14 కంపైల్, కళ్లు మూసుకుని కొడతారు. కొత్తగా వచ్చినవాళ్లకు గిట్ వచ్చు, ఆకుపచ్చ తెర చూస్తేనే బెదురు. ఎస్‌ఈయూ సింటాక్స్ చెకింగ్‌ను ఐబీఎం 6.1 వెర్షన్ దగ్గరే ఆపేసింది కాబట్టి కొత్త ఆర్‌పీజీ రాస్తే అది ఎర్రగా గోల చేస్తుంది. ఆ గోల పడలేకే కొందరు సీనియర్లు కొత్త ఎడిటర్‌కు మారారు. వాళ్లను ట్రైనింగ్ గదిలో కూర్చోబెట్టి గిట్ పాఠం చెప్పడం కన్నా, ఒక సీనియర్‌నూ ఒక జూనియర్‌నూ ఒకే టికెట్ మీద కూర్చోబెడితే పని త్వరగా అవుతుంది. జూనియర్‌కు లెవెల్ చెక్ అంటే ఏమిటో తెలుస్తుంది, సీనియర్‌కు రీబేస్ (చరిత్రను తిరగరాసే గిట్ కమాండ్) జోలికి ఎందుకు వెళ్లకూడదో తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

గిట్ ఇన్‌స్టాల్ చేయడానికి ముందే ఒక పని ఉంది. చాలా ప్రోగ్రాము ఆబ్జెక్ట్‌లలో అది ఏ లైబ్రరీలోని ఏ మెంబర్ నుంచి కంపైల్ అయిందో, అప్పుడు ఆ మెంబర్ చివరి మార్పు ఎప్పటిదో రాసి ఉంటుంది. క్యూసిస్2 అనే సిస్టమ్ లైబ్రరీలోని ఆబ్జెక్ట్ స్టాటిస్టిక్స్ ఫంక్షన్ ఆ వివరాన్ని ఎస్‌క్యూఎల్‌లో ఇస్తుంది. మెంబర్ల ఇప్పటి మార్పు సమయం కూడా కేటలాగ్‌లో దొరుకుతుంది. రెండిటినీ కలిపి ఒక క్వెరీ నడిపితే మూడు గుంపులు బయటపడతాయి. సోర్స్, ఆబ్జెక్ట్ సరిపోయినవి మొదటి గుంపు, వాటిని నేరుగా తరలించవచ్చు. కంపైల్ తర్వాత మెంబర్ మారినవి రెండోది. ఎవరో సగం మార్చి వదిలేశారా, కేవలం కామెంట్ చేర్చారా అన్నది ఒక్కొక్కటిగా చూడాలి. ఇది విసుగు పుట్టించే పని, కానీ తప్పించుకునే దారి లేదు. మూడోది అసలు సోర్సే లేనివి, లేదా ఎప్పుడో డిలీట్ అయిన ఎవరి సొంత లైబ్రరీనో చూపించేవి.

ఈ మూడో గుంపును చూసి మేనేజర్లు కంగారు పడతారు. కొన్నిటికి మార్గం ఉంది. సీఎల్ ప్రోగ్రామును సోర్స్ తిరిగి తీసుకునే అనుమతితో కంపైల్ చేసి ఉంటే, డిఫాల్ట్ కూడా అదే, ఆబ్జెక్ట్ నుంచే సోర్స్‌ను వెనక్కి రాబట్టే కమాండ్ ఉంది. ఆర్‌పీజీ ప్రోగ్రామును లిస్టింగ్ డీబగ్ వ్యూతో కంపైల్ చేసి ఉంటే డీబగ్గర్‌లో తెరిచి లిస్టింగ్ చదువుకోవచ్చు, ఓపిక ఉంటే అక్కడి నుంచి సోర్స్‌ను పేర్చుకోవచ్చు. ఈ రెండూ లేని ప్రోగ్రామును ఆబ్జెక్ట్‌గానే ఉంచి, దాని పేరు రిపాజిటరీలో ఒక ఫైల్లో రాసి పెట్టుకోవాలి. దాన్ని మార్చమని టికెట్ వచ్చిన రోజు, ఎస్టిమేట్ మామూలు మార్పుకు కాక కొత్త ప్రోగ్రాముకు వేసినట్టు వేయాలి.